నాలాకు కావలసింది మూత కాదు, ఊపిరి

హైదరాబాద్ అశోక్‌నగర్ వంతెన దగ్గరికి వచ్చేసరికి నడిచేవాళ్లు అడుగుల వేగం పెంచుతారు. కారణం వాసన. కుళ్లిన కోడిగుడ్డు పగిలినట్టుండే ఆ కంపు, ఎండాకాలం సాయంత్రాల్లో గాలి ఇటు తిరిగితే గదుల్లోకి కూడా వచ్చి కూర్చుంటుంది. వంతెన కమ్మీల మీంచి కిందికి చూస్తే నల్లటి నీళ్లు, వాటిమీద నూనె తేలినట్టు సన్నటి తెర, అడుగు బురదలోంచి ఒక్కొక్కటిగా లేచి పైకొచ్చి పగిలే బుడగలు. హుస్సేన్‌సాగర్ నిండినప్పుడు మిగులు నీరు పోవడానికి ఏర్పడ్డ దారి ఇది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర మొదలై దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా వెళ్లి మూసీలో కలుస్తుంది. పేరుకు వరద కాలువే, కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు పారేది మురుగు. దీనికి అటూ ఇటూ ఉన్న హాస్టళ్లలో, స్టడీ హాళ్లలో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ బల్లల ముందు గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే వేలమంది పిల్లలున్నారు. వాళ్ల పర్యావరణం పాఠంలో సముద్రగడ్డి గురించి ఓ పేరా ఉంటుంది. తీరప్రాంతపు లోతులేని నీళ్లలో పెరుగుతుందనీ, కర్బనాన్ని మట్టిలో పట్టి ఉంచుతుందనీ, డుగాంగ్ అనే సముద్రపు ఆవుకు అదే మేత అనీ చదివి పక్క పేజీకి వెళ్లిపోతారు. ఆ పేరాలో ఉండని సంగతి ఒకటుంది. ఆ గడ్డి వేళ్ల కింది బురదలో పుట్టేదీ, ఈ వంతెన కింద పుట్టేదీ ఒకటే విషం. అక్కడ అంత విషం మీద పచ్చిక పెరుగుతోంది, ఇక్కడ ముక్కు మూసుకోవలసి వస్తోంది. ఈ తేడా ఎందుకో తెలిస్తే, నాలా మీద స్లాబు వేయాలా, మందులు చల్లాలా అని మనం ఏళ్లతరబడి చేస్తున్న చర్చ దారి తప్పిందని కూడా తెలుస్తుంది.

విషం పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. బుడగల్లో ఎక్కువ భాగం మీథేన్. దానికి వాసన లేదు. కంపు కొట్టేది దాంతో పాటు కొద్దిపాటిగా వచ్చే ఈ వాయువు. ఎక్కడ కుళ్లే పదార్థం ఎక్కువై, దాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ చాలదో అక్కడ ఇది పుడుతుంది. ఆక్సిజన్ అయిపోయాక బ్యాక్టీరియా తిండి మానెయ్యవు. నీళ్లలో కరిగి ఉన్న సల్ఫేట్‌ను ఆక్సిజన్‌కు బదులు వాడుకుంటాయి. మనం ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ వచ్చినట్టు, అవి వదిలితే సల్ఫైడ్ వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు రెండున్నర గ్రాములకు పైగా సల్ఫేట్ ఉంటుంది కాబట్టి, సముద్రగడ్డి రాలిన ఆకులూ చచ్చిన వేళ్లూ పేరుకునే బురదలో ఈ తయారీ ఆగకుండా సాగుతుంది. మురుగులో సల్ఫేట్ తక్కువే. కానీ మలమూత్రాల్లో, సబ్బునీళ్లలో, వంటింటి వ్యర్థాల్లో ఉన్న గంధకం చాలు. నాలా బురద నల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే. సల్ఫైడ్ మట్టిలోని ఇనుముతో కలిస్తే నల్లటి పదార్థం తయారవుతుంది. సముద్రగడ్డి కింద వేలెడు లోతు తవ్వి చూసినా అదే నలుపు, అదే కంపు. ఈ వాయువు జీవకణం ఊపిరి పీల్చే యంత్రాన్నే పట్టి ఆపేస్తుంది. సయనైడ్ చేసే పనీ అదే. మొక్కకూ మనిషికీ ఇందులో తేడా లేదు. 1987లో అమెరికాలోని ఫ్లారిడా అఖాతంలో ఎకరాలకెకరాల సముద్రగడ్డి ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైతే, శాస్త్రజ్ఞులు లెక్కపెట్టిన కారణాల్లో వేళ్లలోకి చొరబడిన సల్ఫైడ్ ముఖ్యమైనది.

మరి మిగతా చోట్ల గడ్డి ఎందుకు చావడం లేదు? గడ్డి పగటిపూట తన వేళ్ల నుంచి కాస్త ఆక్సిజన్‌ను మట్టిలోకి వదిలి ఆత్మరక్షణ చేసుకుంటుంది. కానీ అదొక్కటే చాలదు. అసలు పని చేసేది వేళ్ల మధ్య పాతుకుని బతికే ఒక గుల్ల. తాంబూలంలో వేసుకునే గుల్లసున్నం మనకు తెలుసు, ఆల్చిప్పలూ తెలుసు. వాటి దూరపు చుట్టమైన లూసినిడ్ అనే కుటుంబపు గుల్లలివి. ప్రపంచంలో ఈ కుటుంబానికి సుమారు నాలుగు వందల జాతులున్నాయి. రెండు చిప్పల మధ్య మెత్తటి ఒళ్లు. ఆ చిప్పలు తెరిస్తే మామూలు గుల్లలో ఉన్నట్టు పల్చటి మొప్పలు కనిపించవు. దళసరిగా, మీగడ రంగులోనో ఎర్రటి మట్టి రంగులోనో కండపట్టి ఉంటాయి. పేగు చిక్కిపోయి నామమాత్రంగా ఉంటుంది. మొప్పల కణాల నిండా బ్యాక్టీరియా. ఒక్కో కణంలో కిక్కిరిసి ఉంటాయి. ఆ బ్యాక్టీరియా సల్ఫైడ్‌ను ఆక్సిజన్‌తో మండించి, ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను ఆహారంగా మారుస్తాయి. మొక్క ఎండతో చేసే వంటను ఇవి చీకట్లో, విషంతో చేస్తాయన్న మాట. వండినదాంట్లో వాటా గుల్లకు ముడుతుంది. గుల్ల బతుకుతుంది, మట్టిలో విషం తగ్గుతుంది, గడ్డి వేళ్లు ఊపిరి పీల్చుకుంటాయి.

ఇందులో గుల్ల వాటా ఏమిటన్నదే నా వాదనకు కీలకం. సల్ఫైడ్, ఆక్సిజన్ ఒకచోట నిలవవు. ఎదురుపడితే వాటంతటవే కలిసిపోయి, ఆ శక్తి ఎవరికీ అందకుండా పోతుంది. పైగా ఆక్సిజన్ ఉండేది పైన నీళ్లలో, సల్ఫైడ్ ఉండేది కింద బురదలో. బ్యాక్టీరియాకు రెండూ కావాలి. కదల్లేని బ్యాక్టీరియాకు ఈ రెండింటినీ ఒకేసారి చేతికందించే పని గుల్ల చేస్తుంది. పురుగులా పొడుగ్గా సాగే పాదంతో మట్టిలో ఒక సన్నటి గొట్టం తొలుస్తుంది. ఆ గొట్టం గుండా పైనున్న నీటిని లోపలికి లాక్కుంటుంది. చుట్టూ ఉన్న నల్ల బురద నుంచి సల్ఫైడ్‌ను తీసుకుంటుంది. ప్యూర్టోరికో మడ అడవుల బురదలో దొరికే ఒక లూసినిడ్ గుల్ల ఇంకా అద్భుతం. దాని మొప్పల్లో మూడు రకాల హిమోగ్లోబిన్ ఉంది. ఒకటి సల్ఫైడ్‌ను మోస్తుంది, మిగతా రెండూ ఆక్సిజన్‌ను మోస్తాయి. మనల్ని నిమిషాల్లో చంపే పదార్థాన్ని ఆ జీవి ఊపిరితో సమానంగా, విడిగా కట్టిన మూటలో పెట్టుకుని బ్యాక్టీరియాకు అప్పగిస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే గుల్ల చేసేది కుళాయి పని. గొట్టాలు వేసి, ఎక్కడి సరుకును ఎక్కడికి చేర్చాలో అక్కడికి చేర్చడం.

బ్యాక్టీరియా సంగతి దీనికి పూర్తిగా భిన్నం. వాటికి కరువు లేదు. లూసినిడ్ గుల్ల తన పిల్లలకు బ్యాక్టీరియాను వారసత్వంగా ఇవ్వదు. కరేబియన్ సముద్రపు కొడాకియా గుల్లలతో చేసిన పరిశోధనల్లో, పిల్ల గుల్ల ఖాళీ మొప్పలతో పుట్టి, తానున్న గడ్డి మట్టిలోంచే తన బ్యాక్టీరియాను ఏరుకుంటుందని తేలింది. 2021లో ప్రపంచవ్యాప్తంగా సేకరించిన గుల్లల జన్యువులను పోల్చి చూస్తే, ఒకే జాతి బ్యాక్టీరియా వేల మైళ్ల దూరంలో ఉన్న వేర్వేరు సముద్రాల్లో, వేర్వేరు జాతుల గుల్లల్లో కాపురముంటున్నట్టు కనిపించింది. అంటే పని చేసే కూలీలు ప్రతి బురదలోనూ సిద్ధంగానే ఉన్నారు. కొరతగా ఉన్నది వాళ్ల చేతికి సరుకు అందే ఏర్పాటు. ఇది కేవలం సముద్రానికి చెందిన నిజం కాదు. నాలా అంచున, నీరు కాస్త జోరుగా పారే చోట రాళ్లకు పట్టుకుని బూడిద తెలుపు రంగులో ఊగే పోగులుంటాయి. వాటిలో సల్ఫైడ్ తిని బతికే బెగియటోవా వంటి బ్యాక్టీరియా కూడా ఉంటుంది. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు 1887లో, ఎండ అవసరం లేకుండా గంధకంతో బతికే జీవులున్నాయని మొట్టమొదట చెప్పింది ఈ బెగియటోవాను చూసే. ఆ పోగులు ఎక్కడ కనిపిస్తాయో గమనించాలి. నడిమధ్య నల్ల మడుగులో ఉండవు. గాలీ మురుగూ ఒకదాన్నొకటి తాకే సన్నటి అంచున ఉంటాయి.

గడ్డి, గుల్ల, బ్యాక్టీరియాల మధ్య ఈ త్రైపాక్షిక ఒప్పందం కవితాత్మకమైన ఊహ అని ఎవరైనా అనుకోవచ్చు. కాదనడానికి గట్టి ఆధారాలున్నాయి. 1977లో గాలపాగస్ దగ్గర సముద్రగర్భంలో వేడినీటి బుగ్గల చుట్టూ ఎండ ఎరుగని జీవుల గుంపులు దొరికాక, వాటి ఒంట్లో బ్యాక్టీరియా ఉందని 1981లో కొలీన్ కావెనా చూపించారు. రెండేళ్లకే, అంత లోతుకు పోనక్కర్లేదని, ఒడ్డునే గడ్డి బురదలో ఉండే గుల్లల్లోనూ ఇదే ఏర్పాటు ఉందని తేలింది. 2012లో నెదర్లాండ్స్‌కు చెందిన టిసె వాన్ డర్ హైడే బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన అన్నింటికన్నా విలువైనది. అప్పటికి జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఉష్ణమండల సముద్రగడ్డి మైదానాల్లో 97 శాతం చోట్ల, ఉప ఉష్ణమండలంలో 90 శాతం చోట్ల, సమశీతోష్ణ మండలంలో 56 శాతం చోట్ల ఈ గుల్లలున్నాయి. అంతటితో ఆగకుండా వాళ్లు తొట్లలో పరీక్ష పెట్టారు. గడ్డి ఒంటరిగా కొన్నిట్లో, గుల్లతో కలిపి కొన్నిట్లో. గుల్ల ఉన్నచోట సల్ఫైడ్ తగ్గింది, గడ్డి ఏపుగా పెరిగింది. గడ్డి ఉన్నచోట గుల్ల కూడా బలంగా ఉంది. 2016లో రెండు బృందాలు విడివిడిగా ఇంకో సంగతి చెప్పాయి: ఈ బ్యాక్టీరియాకు గాలిలోని నత్రజనిని పట్టే జన్యువులు కూడా ఉన్నాయి. మన వేరుశనగ వేళ్ల బుడిపెల్లో జరిగేదీ ఇలాంటి పనే.

అదే సంవత్సరం మరో పరిశోధన దీని రెండో ముఖాన్ని చూపింది. ఆఫ్రికా పశ్చిమ తీరాన మౌరిటానియాలో బాంక్ దార్గాం అనే విశాలమైన సముద్రగడ్డి మైదానముంది. ఎండదెబ్బకు ఆరిపోయిన చోట కొంత గడ్డి చచ్చింది. గడ్డి చస్తే ఆక్సిజన్ తగ్గింది, గుల్లలు తగ్గాయి. గుల్లలు తగ్గితే సల్ఫైడ్ పెరిగింది, దాంతో మిగిలిన గడ్డి కూడా చచ్చింది. ఎండ చంపినదానికన్నా ఒప్పందం చెడటం వల్ల చచ్చింది ఎక్కువ. ఒక్క కొస వదులైతే ముడి మొత్తం ఊడుతుంది. మన పులికాట్ సరస్సులోనూ సముద్రగడ్డి ఉంది. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి ముఖద్వారం మూసుకుపోతే, సరస్సులోకి ఆటుపోట్లు రాక చేపలు తగ్గిపోతున్నాయని అక్కడి పట్టపువాళ్లు ఎన్నో ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. వాళ్లు అడిగేది చేపపిల్లల్ని తెచ్చి వదలమని కాదు, దారి తెరవమని. సరస్సు ఊపిరి ఎక్కడ ఆగిందో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు నాలా దగ్గరికి వద్దాం. నాలా ఒడ్డున బతికేవాళ్లు తరచుగా అడిగే మొదటి కోరిక స్లాబు. పైన మూసేస్తే కంపు రాదు, దోమలు రావు, పిల్లలు పడరు, పైన రోడ్డో పార్కింగో వస్తుంది. ఈ కోరికను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. వానల్లో తెరిచి ఉన్న నాలాల్లో కొట్టుకుపోయి పసిపిల్లలు చనిపోయిన నగరం ఇది. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు ఇదే మిగులు నాలా పొంగి ఇళ్లను ముంచింది. 2020 అక్టోబర్‌లో మళ్లీ అదే భయం. కాబట్టి అడ్డుగోడలు కట్టాలి, గట్టి కంచెలు వేయాలి, ఇందులో రెండో మాట లేదు. నా అభ్యంతరం మూత మీద మాత్రమే. మూత వేస్తే సల్ఫైడ్ తయారవడం ఆగదు, పెరుగుతుంది. ఎందుకంటే పైనుంచి దొరికే కాస్త గాలి కూడా తగ్గిపోతుంది. పుట్టిన వాయువు స్లాబు అడుగుభాగానికి చేరి అక్కడి చెమ్మలో కరుగుతుంది. అక్కడ మళ్లీ గంధకం తినే బ్యాక్టీరియా సిద్ధంగా ఉంటుంది. కానీ అక్కడ దానికి సరుకు అందించే గుల్ల లేదు, దాని వ్యర్థాన్ని కడిగే సముద్రమూ లేదు. అది చేసేది గంధకామ్లం. ఆ యాసిడ్ కాంక్రీటును తింటుంది. మురుగు గొట్టాల పైకప్పులు ముందు ఎందుకు కూలుతాయో పరిశీలించి, ఈ బ్యాక్టీరియాను 1945లోనే మెల్‌బోర్న్‌లో సి.డి. పార్కర్ పట్టుకున్నారు. సముద్రంలో పచ్చికను కాపాడే పని, మూత కింద మన కాంక్రీటును కొరికే పనిగా మారుతుంది. రసాయనం ఒకటే, ఏర్పాటు వేరు. మన ఊళ్లోనే 2022 డిసెంబర్ 23న గోషామహల్ చాక్నవాడిలో నాలా మీద వేసిన రోడ్డు వారపు సంత జరుగుతుండగా కుంగి, వాహనాలూ దుకాణాలూ మనుషులూ అందులో పడ్డారు. దానికి కారణాలు ఏవైనా కావచ్చు, ఆ యాసిడ్ వల్లేనని నేననడం లేదు. మూత వేసిన నాలాను ఆ తర్వాత ఎవరూ తొంగి చూడరన్నది మాత్రం ఆ సంఘటన చెప్పిన పాఠం.

మూతకు ఇంకో ధర ఉంది, అది ప్రాణాల్లో చెల్లించాలి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఒక దుర్మార్గపు గుణముంది. గాలిలో కోటి పాళ్లలో ఒక పాలు ఉన్నా ముక్కు పసిగడుతుంది. పది లక్షల పాళ్లలో వంద పాళ్లు దాటితే ముక్కు మొద్దుబారి, వాసనే తెలియడం మానేస్తుంది. మ్యాన్‌హోల్‌లో దిగినవాడికి కంపు తగ్గినట్టనిపించిన క్షణమే ప్రమాద క్షణం. మొదటివాడు కుప్పకూలితే కాపాడబోయిన రెండోవాడు, అతని వెనక మూడోవాడు. ఈ దేశంలో మురుగు కాలువల మరణాలు జంటలుగా, ముగ్గురేసి నలుగురేసిగా ఎందుకు జరుగుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. మనుషుల్ని మురుగులో దించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. చనిపోయినవారి కుటుంబానికి పది లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో, దాన్ని ముప్ఫై లక్షలు చేస్తూ 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. హైదరాబాద్ జలమండలి సన్నటి గల్లీల్లోకి పోగల చిన్న జెట్టింగ్ యంత్రాలను 2017లోనే తెచ్చింది. అది మెచ్చుకోవలసిన పని. అయితే మనం మూసే ప్రతి గజం నాలా, రేపెప్పుడో ఎవరో దిగవలసిన మరో చీకటి గది అవుతుంది. ఆ దిగేవాళ్లు ఏ కులాలవాళ్లో, ఏ బస్తీలవాళ్లో మనకు తెలియని సంగతి కాదు. కంపును మన ముక్కు దగ్గర్నుంచి తప్పించి వాళ్ల ఊపిరితిత్తులకు అప్పగించడాన్ని పారిశుధ్యం అనలేం.

రెండో పరిష్కారంగా చెప్పేది మందు. బ్యాక్టీరియా పొడులు, ఎంజైమ్ ద్రావణాలు తెచ్చి నీళ్లలో చల్లడం. తక్కువ ఖర్చు, త్వరగా అయిపోతుంది, ఫొటో కూడా బాగా వస్తుంది. దీనిమీద నాకంటే అనుభవమున్నవాళ్లు భీమవరం, కైకలూరు చుట్టుపక్కల రొయ్యల రైతులు. చెరువు అడుగు నల్లబడి గ్యాస్ పడితే రొయ్య నేలకు దిగదు, మేత తినదు, తేలిపోతుంది. దాని విరుగుడుకు అమ్మే ప్రోబయోటిక్ డబ్బాలు ఆ ఊళ్లలో మందుల దుకాణాల నిండా ఉంటాయి. రైతు కొంటాడు, చల్లుతాడు. కానీ రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే అతను డబ్బా కోసం పరుగెత్తడు, జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతాడు. ఏది లేకపోతే తెల్లారేసరికి పంట పోతుందో అతనికి తెలుసు. చక్రం తిరిగి నీళ్లలో గాలి కలుస్తుంటే చెరువులో ఉన్న బ్యాక్టీరియాయే పని చేస్తుంది. గాలి లేకపోతే డబ్బాలోది కూడా చేయదు. కుళ్లే సరుకు ఆగకుండా వచ్చి పడుతున్న నాలాలో బయటి బ్యాక్టీరియా చల్లడమంటే, ఇటుకలూ సిమెంటూ తేకుండా మేస్త్రీలను మాత్రం ఇంకో పదిమందిని పిలవడం.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. సముద్రం వేరు, మురుగు వేరు. సముద్రగడ్డి మైదానానికి రోజుకు రెండుసార్లు ఆటుపోట్లు వచ్చి కడుగుతాయి. అక్కడ కుళ్లేది రాలిన ఆకులు. ఇక్కడ లక్షల ఇళ్ల మరుగుదొడ్లు. ఏ గుల్లనూ తెచ్చి నాలాలో వేయలేం కదా, దీన్నుంచి నేర్చుకునేదేముంది? నేనూ గుల్లల్ని పెంచమనడం లేదు. ఆ తేడాను అంకెల్లో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. మన ఎండల్లో లీటరు నీరు తన కడుపులో పట్టుకోగల ఆక్సిజన్ ఎనిమిది మిల్లీగ్రాములకు మించదు. శుద్ధి చేయని లీటరు మురుగు పూర్తిగా జీర్ణం కావాలంటే మామూలుగా 200 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కావాలి. అంటే ఒక లీటరు మురుగుకు ఊపిరి పోయాలంటే పాతిక లీటర్ల మంచినీరు తన ఆక్సిజన్ మొత్తం ధారపోయాలి. అన్ని మంచినీళ్లు హుస్సేన్‌సాగర్ దగ్గర లేవు, ఉండవు. అందుకే నాలాలో రెండు ఫౌంటెన్లు పెట్టి గాలి ఎగజిమ్మినా మురుగు అలాగే వస్తున్నంతకాలం ఫలితముండదు. షికాగోలో కాల్యుమెట్ కాలువల మీద నీటిని పైకెత్తి జలపాతాల్లా దూకించి ఆక్సిజన్ కలిపే కేంద్రాలు ఐదు కట్టారు, అవి పనిచేస్తున్నాయి. కానీ మురుగును ముందు శుద్ధి చేశాకే అది కుదిరింది. గుల్ల కూడా ఇదే చెబుతుంది. దానికి చేతనైనంత సల్ఫైడ్‌నే అది తీసుకోగలదు. బురదలోకి వచ్చే సరుకు హద్దు మీరితే గుల్లా గడ్డీ రెండూ చస్తాయి.

కాబట్టి సరుకుకూ ఊపిరికీ లంకె కుదిరే చోటును మనమే కట్టుకోవాలి. దానికి పేరు మురుగు శుద్ధి కేంద్రం. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగులోకి గాలి ఊది, అడుగున తేరిన బురదను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడి చూశారు. మురుగులో సహజంగా ఉన్న బ్యాక్టీరియాయే గంటల్లో దాన్ని శుభ్రం చేసింది. వాళ్లు కొత్త జీవిని తేలేదు. ఉన్న జీవికి గాలినీ తిండినీ ఒకేచోట అందించే తొట్టి కట్టారు. ఆలోచిస్తే అది గుల్ల మొప్పే, సిమెంటుతో కట్టినది. మన అంబర్‌పేట కేంద్రానికి రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యముంది. 2021లో నగరానికి మరో 31 కేంద్రాలు మంజూరయ్యాయి. వాటి మొత్తం సామర్థ్యం 125 కోట్ల లీటర్ల పైమాటే, ఖర్చు 3,866 కోట్ల రూపాయలు. ఇంత డబ్బా అని కంగారుపడేవాళ్లు ఉంటారు. కానీ కేంద్రం కట్టినంత మాత్రాన నాలా బాగుపడదన్నదే నా ఆదుర్దా. గుల్లకు మొప్పలెంత ముఖ్యమో, మట్టిలో అది తొలిచే గొట్టం అంత ముఖ్యం. దోమలగూడ నుంచి గోల్నాక దాకా ఈ నాలాలోకి అడుగడుగునా పక్కల నుంచి పడే ఇళ్ల గొట్టాలు, హోటళ్ల గొట్టాలు, హాస్టళ్ల గొట్టాలు ఒక్కొక్కటీ మురుగు లైనుకు కలిపేదాకా శుద్ధి కేంద్రం ఎక్కడో దూరాన ఖాళీ కడుపుతో గాలి ఊదుతూ ఉంటుంది, నాలా ఇక్కడ కుళ్లుతూ ఉంటుంది. 1908 మూసీ వరద తర్వాత వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ నగరానికి వరద నివారణతో పాటు మురుగు పారుదలకూ ప్రణాళిక ఇచ్చారు. వాననీటి దారీ మురుగు దారీ ఒకటి కాకూడదన్న పాత తెలివికే మనం తిరిగి రావాలి. ఈ పనికి శంకుస్థాపన శిలాఫలకం ఉండదు. గల్లీ గల్లీ తవ్వాలి, యజమానులతో తగాదా పడాలి, ఏళ్లు పడుతుంది. అందుకే ఇది వెనకబడుతోంది, స్లాబూ పొడీ ముందుకొస్తున్నాయి.

చివరగా కొలత గురించి. అశోక్‌నగర్ వంతెన నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. కుక్కకాటు టీకాకు నగరం పరుగెత్తేది అక్కడికే, తాగునీటి నమూనాలు పరీక్షించేదీ అక్కడే. తాగునీటిలో మలం కలిసిందో లేదో చూడటానికి మన దేశపు శాస్త్రజ్ఞులు 1982లో ఒక చవకైన పరీక్ష కనిపెట్టారు. చిన్న సీసాలో మందు పూసిన కాగితముంటుంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంతో వచ్చే బ్యాక్టీరియా ఉన్నప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి సీసా నల్లబడుతుంది. పల్లెల్లో మహిళా సంఘాలవాళ్లు కూడా ఇప్పుడు ఈ సీసాలు వాడుతున్నారు. సీసాలో ఏ నలుపు చూసి ఈ నీళ్లు తాగొద్దంటామో, ఆ నలుపే వంతెన కింద మైళ్ల పొడవునా పారుతోంది. దానికి వేరే పరీక్ష అక్కర్లేదు. కావలసింది, మనం పెట్టే ఖర్చుకు అది తగ్గుతోందో లేదో చెప్పే అంకె. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, సల్ఫైడ్ ఎంత. లోయర్ ట్యాంక్‌బండ్, అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక నాలుగు వంతెనల దగ్గరా నెలనెలా కొలిచి, ఆ అంకెలు అదే వంతెన కమ్మీకి బోర్డు కట్టి తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలి. లైబ్రరీకి పోయే పిల్లలు రోజూ చదువుతారు, తగ్గకపోతే అడుగుతారు. అయితే తగ్గిందో లేదో తేల్చే నమూనా వానాకాలంలోది కాకూడదు. వరద నీటితో పల్చబడ్డ నాలాలో ఏ అంకె అయినా బాగానే కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో, వారం రోజులుగా చినుకు పడని రోజు చూసి, నడిమధ్య బుడగలు లేచే చోట తీయాలి.